పెట్టె కింద ఊరు

ఆ రోజు పొద్దున్న ఆకాశం ఏ సంగతీ తేల్చలేదు. కొండ మీద మబ్బు దిగింది గానీ కురవలేదు. తూర్పున వెలుగు వచ్చింది గానీ ఎండ రాలేదు. తడవడానికి సిద్ధపడి బయల్దేరినవాళ్ళు ఉక్కపోతకు తడిశారు.

తుష్నాబాద్ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి పోయే మొదటి బస్సులో ఎక్కేవాళ్ళు చాలామంది ఆఫీసు మనుషులు, బడి మనుషులు. అయినా ఒక్కరి ఒడీ ఖాళీగా ఉండదు. టీచరమ్మ హేమమాలిని ఒళ్ళో బెండకాయల సంచి. ఆవిడకు తోట లేదు, అది ఎదురింటివాళ్ళది. ఉద్యోగం ఉన్నవాళ్ళు తోట ఉన్నవాళ్ళ సరుకు మోస్తారు. పోర్ట్ బ్లెయిర్ బజారు వీధి గోల్ ఘర్‌లో దిగి మల్లేశు కాటా దగ్గర పెట్టేసి తమ పనికి తాము పోతారు. సాయంత్రం ఖాళీ సంచీ తీసుకుని ఇంటికొస్తారు. ఇది ఎవరూ ఎవరికీ చెప్పింది కాదు. బస్సు ఉన్నప్పటి నుంచీ ఉంది.

మల్లేశుది కూడా తుష్నాబాదే. తాత శ్రీకాకుళం ఒడ్డు నుంచి వల భుజాన వేసుకుని వచ్చాడు. తండ్రి సముద్రం మానేసి నేల పట్టుకున్నాడు. మల్లేశు 'ద్వీప్ సబ్జీ' అనే కంపెనీలో కూరగాయలు తూచే పనిలో చేరాడు. ఆ కంపెనీ ఊళ్ళలో కూరగాయలు కొని హోటళ్ళకు అమ్ముతుంది. కింద షట్టరు వేసిన గదిలో కాటా, పైన మేడ మీద ఆఫీసు.

ఆ రోజు మీటింగుకి అతన్నీ పైకి రమ్మన్నారు.

గోడ మీద దక్షిణ అండమాన్ మ్యాప్ వెలుగుతోంది. ఊళ్ళకు పచ్చరంగు వేసి ఉంది. రంగు ఎంత ముదిరితే అంత సరుకు. ఫెరార్‌గంజ్ చిలక పచ్చగా ఉంది. గోల్ ఘర్ ముదిరి ముదిరి నల్లబడింది.

మ్యాప్ వేసింది లిఖిత. పోర్ట్ బ్లెయిర్‌లోనే, హాడో పోర్టు క్వార్టర్స్‌లో పుట్టి పెరిగిన పిల్ల. తండ్రి గురునాథం పోర్టులో ఉద్యోగి. ఆమె ఆఫీసులో చేరి ఆరు నెలలు కాలేదు. చేతిలో పెన్ను మూత కొరుకుతూ, ఎర్ర లైటు గోడ మీద తిప్పుతూ మాట్లాడుతోంది.

"సో సార్, మనకి వచ్చేది ఒక్క కోల్డ్ వ్యాన్. ఈ మ్యాప్ ప్రకారం గోల్ ఘర్ తర్వాత ఎక్కువ సరుకు ఫెరార్‌గంజ్ వైపే. గోల్ ఘర్ మన ముంగిటే ఉంది కాబట్టి వ్యాన్ ఫెరార్‌గంజ్‌కి పంపడం బెటర్."

యజమాని పూర్ణచంద్ర తల ఊపాడు. "వ్యాన్ వచ్చాక ఇక్కడ విడి సంచులు తీసుకునేది లేదు. ఇరుకు వీధి, మెట్ల మీద బీరకాయలు, పక్క షాపువాళ్ళతో రోజూ తగాదా. వ్యాన్ ఎక్కడికి పోతే అక్కడి సరుకే తీసుకుంటాం."

మల్లేశు అప్పటిదాకా గోడనే చూస్తున్నాడు. పడమటి వైపు, సముద్రం ఇంకా రాకముందు, తెల్లటి పెట్టె ఒకటి ఉంది. అందులో పచ్చరంగు ముక్కలు, పక్కన ఇంగ్లీషు మాటలు.

"ఆ పెట్టె ఏటి?" అన్నాడు.

"అది లెజెండ్, భయ్యా. ఏ రంగుకి ఏం మతలబో చెప్పేది."

"దాని కింద ఏటుంది?"

"కింద ఏం లేదు. డేటా లేని చోటే కదా పెడతారు."

ఎవరో నవ్వారు. లిఖిత కూడా కొంచెం నవ్వింది.

"దాని కింద మా ఊరుంది," అన్నాడు మల్లేశు.

నవ్వు ఆగింది. అతను లేచి నిలబడ్డాడు. మామూలుగా రోజంతా కలిపి నాలుగు మాటలు మాట్లాడే మనిషి.

"గోల్ ఘర్‌లో అంత పంట ఎవలు పండిత్తన్నారు మేడమ్? డాబాల మీద బీరపాదులున్నాయా? చెప్పుల షాపులో వంకాయలు కాత్తన్నాయా?"

ఈసారి నవ్వు ఇటువైపు తిరిగింది. లిఖిత చెవులు ఎర్రబడ్డాయి.

"డేటాలో ఏముందో అదే వేశాను. నా ఇంట్లోంచి తెచ్చి వేయలేదు."

"ఏసేముందు ఒక పాలి కిందకి దిగి అడగాల."

"అడగడానికి మీరు ఎప్పుడైనా తలెత్తి చూస్తే కదా, భయ్యా."

పూర్ణచంద్ర బల్ల మీద అరచేత్తో కొట్టాడు. "బస్, చాలు. శనివారం కల్లా ఇద్దరూ కూచుని తేల్చండి. తేలకపోతే వ్యాన్ ఫెరార్‌గంజ్‌కే."

*

వాన అప్పుడు మొదలైంది. పొద్దుటి నుంచి దాచుకున్నదంతా ఒక్కసారిగా గోల్ ఘర్ మీద కుమ్మరించింది.

లిఖిత చున్నీ కింద ట్యాబ్లెట్ దాచుకుని కాటా దగ్గరికి దిగింది. మల్లేశు బుట్టలు లోపలికి లాగుతున్నాడు. ఆమె వచ్చినట్టు అతనికి తెలుసు. తల ఎత్తలేదు.

"ఇది మీరు రోజూ నింపేదే కదా?"

"ఆ."

"పేరు, కూరగాయ, తూకం. ఇక్కడ ఊరు అని ఉంది చూడండి."

చూశాడు. ఆమె వేలితో పైకి తోస్తూనే ఉంది. గోల్ ఘర్. గోల్ ఘర్. గోల్ ఘర్. ట్యాబ్లెట్ తెరవగానే అక్కడ దానంతటదే గోల్ ఘర్ అని వస్తుంది. ఫెరార్‌గంజ్‌లో తూచేవాళ్ళ ట్యాబ్లెట్‌లో వాళ్ళ ఊరు వచ్చినట్టే. అతను ఎప్పుడూ మార్చలేదు.

"ఇంత సరుకు గోల్ ఘర్‌లో పండించింది నేను కాదు," అంది లిఖిత. "మీరు."

మల్లేశు తడి చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. "ఎవలిది ఏ ఊరో నాకు తెలుసు కదా. మళ్ళీ రాయడం దేనికి?"

"మీకు తెలుసు. మ్యాప్‌కి తెలీదు."

 ఆ మాట అన్నందుకు అతనికి ఆమె మీద ఇంకా కోపం వచ్చింది. ఆమె నుదుటి మీద తడిసిన జుట్టు ఒక పాయ అతుక్కుని ఉంది. దాన్ని వెనక్కి తోసుకోవడం కూడా మరిచిపోయేంత కోపంలో ఉంది ఆమె. అది అతను గమనించాడు. గమనించినందుకు తన మీద తనకే చిరాకు వేసింది.

"మరి పెట్టె మా ఊరి మీదే ఎందుకెట్టారు?"

"తెల్లగా కనిపించింది కాబట్టి. ఎన్నిసార్లు చెప్పాలి?"

"తెల్లగా ఉంటే మడుసులు లేనట్టా?"

లిఖిత ట్యాబ్లెట్ ఆపి మళ్ళీ చున్నీ కింద పెట్టుకుంది. 

"రేపట్నుంచి మధ్యాహ్నం పైకి రండి," అంది. "అన్నీ మొదటి నుంచి సరిచేద్దాం. నాకోసం కాదు, మీ పెట్టె కోసం."

"మీ పెట్టె," అన్నాడు మల్లేశు.

*

ఇంటికి వెళ్ళి అమ్మకు చెప్పాడు. గురమ్మ చిక్కుడు పాదుకు కర్ర కడుతోంది. వాన తెరిపిచ్చిందో లేదో తోటలోకి దిగింది.

"మన సంచులు తీసుకోరా?"

"వ్యాన్ ఇటు రాకపోతే తీసుకోరు."

"ఎవలు సెప్పారు?"

"ఒక పిల్ల. మ్యాప్ ఏసింది. మన ఊరి మీద పెట్టె ఎట్టింది."

గురమ్మ కర్ర నేలలోకి గట్టిగా గుచ్చింది. "దాని సేతులు పడిపోనూ. ఊరి మీద పెట్టె ఎట్టడవేటి? వ్యాన్ రాకపోతే ఈ పాదులన్నీ పీకేసి వక్క మొక్కలు పాతుతాను. ఇంకెవలికోసం ఈ చాకిరీ?"

ఆమె ఆ తోటలో ఒంగిన తీరు అతనికి పుట్టినప్పటి నుంచీ తెలుసు. ఎండలోనూ, వానలోనూ ఒకేలా ఒంగుతుంది. వక్క తోటకు అలా ఒంగక్కర్లేదు. పాతి వదిలేస్తే చాలు. ఆమె వదిలేసి ఊరుకున్నది ఏదీ అతను ఇంతవరకు చూడలేదు.

*

మరునాడు మధ్యాహ్నం పైకి వెళ్ళాడు. లిఖిత పక్క కుర్చీ కాలితో అతని వైపు తోసింది.

పేర్లన్నీ మల్లేశు తెలుగులో కొట్టినవే. లిఖిత స్క్రీన్ దగ్గరికి ముఖం పెట్టి కూడబలుక్కుంది. "చి... చిట్టి... త..."

"చిట్టితల్లి. తెలుగు రాదా?"

"మాట్లాడతాను కదా. స్కూల్లో హిందీ తీసుకున్నాను. నవ్వండి, ఫర్వాలేదు."

"నవ్వనేదు."

"లోపల నవ్వుతున్నారు. మీసం కదిలింది."

అతను చదివాడు. ఆమె కొట్టింది. చిట్టితల్లి, చౌల్దారి. గణేశ్వరరావు, గరాచర్మ.  మధ్యలో తగాదాలు. అతను నెమ్మదిగా చదువుతాడని ఆమెకు కోపం. ఆమె కొట్టి, చెరిపి, మళ్ళీ కొడుతుందని అతనికి కోపం.

మరునాడు ఆమె మ్యాప్ మార్చింది. పచ్చరంగులు తీసేసి ఊరికో గుండ్రటి చుక్క పెట్టింది.

"రంగులేమయ్యాయి?"

"రంగు వేస్తే ఊరి హద్దు మొత్తం నిండుతుంది భయ్యా. పెద్ద అడవి ఉన్న ఊరు పెద్దగా కనిపిస్తుంది, రెండు వంకాయలు పండినా సరే. గుండ్రం అయితే సరుకుని బట్టి ఉంటుంది. ఎక్కువైతే పెద్దది, తక్కువైతే చిన్నది. మొదటే ఇలా వేయాల్సింది. నాకు తెలిసి కూడా తొందరలో అలా వేసేశాను."

తన తప్పు ఆమె ఏ సంకోచమూ లేకుండా చెప్పింది. మల్లేశుకి ఆ పద్ధతి రాదు. ఆమెను ఒక్క క్షణం ఎక్కువ చూశాడు.

"ఏంటి?"

"ఏటి లేదు. చుక్క మీద చుక్క పడింది, సూడండి."

ఆమె ఆ రోజు రెండోసారి భయ్యా అన్నప్పుడు అతను అన్నాడు, "ఆ భయ్యా ఆపుతారా?"

"ఇక్కడ అందరూ అందరినీ భయ్యానే కదా అంటారు. బస్సు డ్రైవరూ భయ్యానే, చేపలమ్మే అతనూ భయ్యానే."

"అందుకే ఆపమంటన్నాను."

ఆమె పెన్ను మూత కొరకడం ఆపింది.  ఆ మధ్యాహ్నం ఇంక భయ్యా అనలేదు. వేళ్ళు మాత్రం తప్పులు కొట్టాయి.

*

గురువారం చుక్కలన్నీ పెరిగాయి. ఫెరార్‌గంజ్ చుక్క పెద్దది. తుష్నాబాద్ చుక్క దానికంటే కొంచెం చిన్నది. మల్లేశు ఆ రెండింటినీ మార్చి మార్చి చూస్తున్నాడు.

"తర్వాత?"

"యువరాజ్. తుష్నాబాద్."

"తర్వాత?"

"సుమ. తుష్నాబాద్."

"తర్వాత?"

"శేషమ్మ. తుష్నాబాద్."

లిఖిత కొట్టలేదు. చేతులు కీబోర్డు మీదే ఆగాయి.

"శేషమ్మ అంటే, ఎడమ చెవికి కమ్మ ఉండదు, ఆవిడేనా?"

మల్లేశు తర్వాతి పేరు మీదికి వేలు జరిపాడు.

"మా నాన్నతో పనిచేసే సాయి అంకుల్ వాళ్ళ అత్తగారు. వాళ్ళింటికి పండక్కి వెళ్తాం. ఆవిడ ఉండేది ఓగ్రాబ్రాజ్."

 కింద వీధిలో ఎవరో షట్టరు లాగారు.

"ఇలాంటివి ఎన్ని రాయించారు నా చేత?"

మల్లేశు స్క్రీన్ మీది తుష్నాబాద్ చుక్కనే చూశాడు.

"అడుగుతున్నాను."

"కొన్ని."

ఆమె కుర్చీ వెనక్కి తోసి లేచింది. గొంతు పెరగలేదు, తగ్గింది. అది ఇంకా కష్టంగా ఉంది.

"పెట్టె నేను తెలియక పెట్టాను. మీరు తెలిసి చేశారు. నా పక్కన కూచుని, నా వేళ్ళతో. శనివారం ఆ గోడ ముందు నిలబడేది నేను. అబద్ధం చెప్పేది నేనైతే, ఊరు మాత్రం మీదా?"

"మీకేటి, వ్యాన్ ఎటు పోయినా జీతం వస్తాది," అన్నాడు మల్లేశు. అంటుండగానే అది అనకూడని మాటని తెలిసింది. కానీ నోటి నుంచి వచ్చేసింది.

"వెళ్ళండి," అంది ఆమె.

వెళ్ళాడు. మెట్లు దిగుతుంటే వెనక నుంచి కుర్చీ లాగిన శబ్దం కూడా రాలేదు. ఆమె ఇంకా నిలబడే ఉందన్నమాట.

*

శుక్రవారం పొద్దున్న మల్లేశు బస్సు స్టాపుకి వచ్చేసరికి రెయిన్‌కోటు వేసుకున్న పెద్దాయన ఒకాయన స్కూటర్ ఆపి ఉన్నాడు. వెనక నుంచి లిఖిత దిగుతోంది. బురద మడమల దాకా ఉంది. ఆయన ఆమె తండ్రి గురునాథం అని ముఖం చూడగానే తెలిసింది. అదే కోపం, వయసు మీద పడింది.

"బస్సు చూడ్డానికి ఇంత దూరమా, బేటా?" అంటున్నాడు ఆయన.

"చూడ్డానికి కాదు నాన్నా, ఎక్కడానికి."

ఆమె మల్లేశును చూసింది. చూడనట్టే బస్సెక్కి కిటికీ పక్కన కూచుంది.

మల్లేశు వెనక సీట్లో, ఎవరివో రెండు సంచులు గడ్డం దాకా ఒళ్ళో పెట్టుకుని కూచున్నాడు.  

ఇంతలో గురమ్మ బుట్టతో వచ్చింది. రోజూ ఆమె సరుకు మోసే ప్యూన్ ఆ రోజు సెలవు. బస్సంతా ఒకసారి చూసింది, సంచుల వెనక కొడుకు కనిపించలేదు. అందరి ఒళ్ళూ నిండుగా ఉన్నాయి, ఒక్కరిది తప్ప. కిటికీలోంచి బుట్ట ఆ ఖాళీ ఒళ్ళోకి దించేసింది.

"కొత్తగా ఉన్నావు పాపా. పట్టుకో. పక్కకి వంచకు, చిక్కుడు నలిగిపోతాది. గోల్ ఘర్‌లో మా వోడికిచ్చెయ్యి, మీసాలుంటాయి, మాట్లాడడు. ఆడే."

లిఖిత బుట్టను రెండు చేతులా పట్టుకుంది. "ఇస్తాను, ఆంటీ."

వెనక సీట్లో మల్లేశు కిటికీ బయటికి చూశాడు.

బస్సు కదిలింది. ఓగ్రాబ్రాజ్‌లో సంచులు ఎక్కాయి. చౌల్దారిలో బుట్టలు ఎక్కాయి. నిలబడ్డవాళ్ళ చేతుల్లో, సీట్ల కింద, డ్రైవరు పక్కన. గరాచర్మ వచ్చేసరికి మనుషులకంటే కూరగాయలు ఎక్కువయ్యాయి. ప్రతి స్టాపులోనూ లిఖిత మెడ తిప్పి వెనక్కి చూసింది. అతన్ని కాదు. ఎక్కుతున్న సంచుల్ని. బుట్ట నుంచి నీళ్ళు కారి ఆమె లేత పసుపు చుడీదార్ మీద పచ్చటి మరక పాకుతోంది. ఆమె బుట్ట పక్కకి వంచలేదు.

గోల్ ఘర్‌లో దిగి తిన్నగా వచ్చి కాటా మీద బుట్ట పెట్టింది.

"ఊరు రాయండి," అంది.

మల్లేశు ట్యాబ్లెట్ తీశాడు. గోల్ ఘర్ అని ఉన్నదాన్ని ఒక్కొక్క అక్షరమే చెరిపాడు. తుష్నాబాద్ అని కొట్టాడు. ఆమె అది అయ్యేదాకా నిలబడి చూసి మేడెక్కింది.

మధ్యాహ్నం అతను పిలవకుండానే పైకి వెళ్ళాడు. కుర్చీ తనే లాక్కుని కూచున్నాడు.

"మొదట్నుంచి సదూతాను. తప్పుగా సెప్పినవి నాకు గుర్తున్నాయి."

ఆమె ముఖం తిప్పలేదు. వేళ్ళు మాత్రం కీబోర్డు మీదికి వచ్చాయి.

చదివాడు. సుమ, చౌల్దారి. యువరాజ్, ఓగ్రాబ్రాజ్. శేషమ్మ, ఓగ్రాబ్రాజ్. ఒక్కొక్కటి చెబుతుంటే తుష్నాబాద్ చుక్క కళ్ళెదుటే చిన్నదవుతూ వచ్చింది. తన ఊరిని తనే గోరుతో గీకి తీసేస్తున్నట్టుంది. అయినా ఆగలేదు.

"జీతం మాట అనకూడదు," అన్నాడు చివర.

"అనకూడదు," అంది ఆమె. అంతే.

*

శనివారం గోడ మీద మళ్ళీ మ్యాప్ వెలిగింది.

"మొన్న చూపించిన స్లైడ్ తప్పు సార్," అని మొదలుపెట్టింది లిఖిత. "గోల్ ఘర్‌లో ఏదీ పండదు. సంచులు దిగే చోటు మాత్రమే అది. నేను అడక్కుండా వేశాను."

"ఊరు రాయనిది నేను," అన్నాడు మల్లేశు తలుపు దగ్గర నిలబడి. "ఆవిడది కాదు తప్పు."

"నాదీ ఉంది," అంది ఆమె చిరాగ్గా. "నా వాటా మీరు తీసుకోకండి."

పూర్ణచంద్ర ఇద్దరి వైపూ చూశాడు. "ఇన్ని నెలలు తప్పు లెక్క మీద వ్యాపారం చేశానా నేను? సరే, తిట్లు తర్వాత. తుష్నాబాద్ ఎంత?"

స్లైడ్ మారింది. గుండ్రటి చుక్కలు. ఫెరార్‌గంజ్ పెద్దది. తుష్నాబాద్ దాంట్లో సగం లేదు.

"ఊరికి ఊరు చూస్తే ఫెరార్‌గంజే ఎక్కువ సార్," అంది లిఖిత.

మల్లేశు నేల వైపు చూశాడు. అమ్మ కొత్త చిక్కుడు పాదు గుర్తొచ్చింది. నిన్ననే పూత పట్టింది.

"అయితే తేలిపోయింది కదా," అన్నాడు పూర్ణచంద్ర.

"తేలలేదు సార్. వ్యాన్ ఊళ్ళో ఆగిపోదు, రోడ్డు మీద పోతుంది. నిన్న ఆ బస్సు ఎక్కితే గానీ నాకు ఇది తట్టలేదు."

మళ్ళీ స్లైడ్ మారింది. చుక్కలు లేవు. ఒక్కొక్క ఊరి నుంచి గోల్ ఘర్ దాకా గీతలు. ఎంత సరుకైతే అంత లావు. పడమట తుష్నాబాద్ దగ్గర సన్నగా మొదలైన గీత ఓగ్రాబ్రాజ్‌లో కొంచెం ఒళ్ళు చేసింది. చౌల్దారిలో ఇంకొంచెం. గరాచర్మ దాటేసరికి వానాకాలం వాగులా ఉంది. ఫెరార్‌గంజ్ గీత దాని పక్కన పొలం గట్టున పారే కాలువలా కనిపించింది.

"మొన్న నల్లగా ఉన్న గోల్ ఘర్?"

"గోల్ ఘర్ కాదు సార్ అది. ఈ గీత చివర."

పూర్ణచంద్ర లేచి గోడ దగ్గరికి వెళ్ళాడు. గీత మీద వేలు పెట్టి గోల్ ఘర్ నుంచి వెనక్కి, పడమటికి నడిపాడు. వేలు తుష్నాబాద్‌లో ఆగింది.

"ఇదంతా జనం ఒళ్ళో పెట్టుకుని మోస్తున్నారా?"

"ఒళ్ళో పెట్టుకునే," అన్నాడు మల్లేశు.

"ఒక్కడైనా నాకు చెప్పలేదే." ఆయనకు నిజంగానే కోపం వచ్చింది. ఎవరి మీదో ఆయనకే తెలియలేదు. "వ్యాన్ ఈ రోడ్డుకే. ఆ చివర నుంచి మొదలవ్వాలి. ఇంక ఎవడైనా ఊరు రాయకపోతే కాటా తీసి సముద్రంలో పారేస్తాను. అవునూ, మొన్నటి తెల్ల పెట్టె ఏది?"

"సముద్రంలో పెట్టాను సార్," అంది లిఖిత. "ఇక్కడ సముద్రానికి ఏం కరువు?"

నిజమే. పెట్టె తూర్పున నీళ్ళలో ఉంది. దాని కింద ఎవరూ లేరు.

*

వ్యాన్ ఓడ దిగిన వారం తుష్నాబాద్‌కి మొదటిసారి వచ్చింది. వానలోనే వచ్చింది. లిఖిత డ్రైవరు పక్కన కూచుని వచ్చింది. ఎక్కడెక్కడ ఆగాలో గుర్తు పెట్టాలట. తోటలవాళ్ళు సంచులు నేరుగా తెచ్చి వ్యాన్‌లో పెడుతుంటే, బస్సు కోసం నిలబడ్డ హేమమాలిని తన ఖాళీ చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు చూసింది.

సరుకంతా ఎక్కాక మల్లేశు వ్యాన్ తలుపు పక్కన, వాన పడని చోట నిలబడ్డాడు. లిఖిత వచ్చి పక్కన నిలబడింది.

"కోపం పోయిందా?" అంది.

"పోనేదు. మీకు?"

"నాకూ పోలేదు. ఆ జీతం మాట నేను ముసలిదాన్నయ్యాక కూడా గుర్తు చేస్తాను."

"చెయ్యండి. నేను దగ్గరుంటే."

ఆమె తలెత్తింది. అతను రోడ్డు వైపు చూస్తున్నాడు.

"మతలబ్?"

"భయ్యా అనొద్దని సెప్పాను కదా."

"అనట్లేదు కదా. మరి ఏమని పిలవను?"

"ఏమీ పిలవొద్దు."

"ఏమీ పిలవకుండా మనిషిని ఎలా పిలుస్తారు?"

 తలుపు అంచు మీదుగా నీళ్ళు ధారగా పడుతున్నాయి. మల్లేశు ఆ ధారకే చెబుతున్నట్టు చెప్పాడు.

"మా యమ్మ మా నాన్నని ఏ పేరూ ఎట్టి పిలవదు. ఇన్నేళ్ళలో ఒక్కపాలీ పిలవనేదు. ఇటు సూడు, అంటాది. అంతే."

 లిఖిత చేతిలో పెన్ను మూత లేదు కాబట్టి పెదవి కొరుక్కుంది.

"ఇది అడగడమా, తిట్టడమా?"

"ఏదో ఒకటి."

"ముఖం అలా పెట్టుకుని ఎవరైనా అడుగుతారా? పెట్టె గురించి అడిగినప్పుడూ ఇదే ముఖం."

"నాకున్నది ఇదొక్కటే ముఖం."

ఆమెకు నవ్వు రాబోయి కోపం వచ్చింది, లేక కోపం రాబోయి నవ్వు వచ్చింది. అతనికి తేడా తెలియలేదు. ఇంతలో ఇంటి అరుగు మీంచి గురమ్మ కేక వేసింది. "ఒరే, డ్రైవరు టీకి పోయాడు గానీ, ఆ పిల్లని వానలో నిలబెట్టావేటి? బువ్వ తినేసి ఎల్లమను."

దగ్గరికి వచ్చాక గురమ్మ ఆమెను గుర్తుపట్టింది. "నువ్వా? నా బుట్ట మోసిన పిల్లవి కదా." తర్వాత కొడుకు ముఖం చూసింది. ఆ ముఖంలో ఏం చదివిందో, చూపు మారింది. "పెట్టె ఎట్టింది కూడా నువ్వేనా?"

"నేనే, ఆంటీ," అంది లిఖిత. "తీసేశాను."

గురమ్మ ఆమెను కింది నుంచి పైకి చూసింది. పసుపు చుడీదార్ మీద చిక్కుడు మరక ఉతికినా పోలేదు. దాని దగ్గర చూపు ఆగింది.

"కాళ్ళు కడుక్కో," అని లోపలికి పోయింది.

పెరట్లో డ్రమ్ము దగ్గర మల్లేశు చెంబుతో నీళ్ళు తీసి గట్టు మీద పెట్టి, అటు తిరిగి నిలబడ్డాడు. వెనక కాళ్ళ మీద నీళ్ళు పడిన చప్పుడు. 

"ఇటు చూడండి," అంది లిఖిత.

మల్లేశు తిరిగాడు. అరుగు మీద పాదులకు కప్పే పాత వల అల్లుకుంటున్న తండ్రి కూడా, ఆ మాటకు అలవాటుపడ్డ మనిషి, చటుక్కున తల ఎత్తాడు. పిలిచింది తనను కాదని చూసి, నెమ్మదిగా మళ్ళీ తల దించుకున్నాడు.

"తువ్వాలు," అంది ఆమె. ముఖం మాత్రం కోపంగానే పెట్టుకుంది.

ఇచ్చాడు.

వంటింట్లో నేల మీద నాలుగు కంచాలు వేసింది గురమ్మ. తండ్రి గోడ పక్కన. మల్లేశు గుమ్మం వైపు. అతని పక్కన లిఖిత. వేడన్నం, చేపల పులుసు, ఆ పొద్దున్న వ్యాన్‌లో ఎక్కని చిక్కుడుకాయల కూర. వాన రేకుల మీద గట్టిగా పడుతోంది. మాట్లాడినా వినిపించదు. 

లిఖిత చేప ముల్లు తీసుకోలేక అవస్థపడడం చూసి గురమ్మ మంచి ముక్క ఏరి ఆమె కంచంలో వేసింది. మల్లేశుకి వేయలేదు. అతను అడగలేదు.

ఉప్పు డబ్బా కొడుకు కంచానికీ ఆ పిల్ల కంచానికీ మధ్యలో ఉంది. గురమ్మ వంగి, ఆ డబ్బా తీసి అవతల గోడవారగా పెట్టింది. ఇంక ఆ ఇద్దరి మధ్యా ఏ పెట్టే లేదు. మళ్ళీ తన చోట కూచుని అన్నం కలుపుకుంది.

నలుగురూ తింటున్నారు.